అంకెలలో కనబడని ఆటగాడు
(1908 నాటి ఒక రగ్బీ పోటీ నుండి నేర్వదగిన పాఠము)



ఆట ముగిసిన పిదప మైదానము ఖాళీ యగును గాని, ఆటనుగూర్చిన మాట ముగియదు. మన బంగారు గనుల ప్రాంతమున ఫుట్‌బాలు, హాకీ పోటీలు చూచి యిండ్లకు మరలువారి సంభాషణము విన్నవారికి ఈ సంగతి క్రొత్త కాదు. ఒకడు గోలు కొట్టినవానిని ఆకాశమున కెత్తును. వేరొకడు ఒక్క బంతిని జారవిడిచినవానిని పాతాళమునకు త్రొక్కును. మూడవవాడు, "గెలిచితిమి గదా, ఇక చర్చ యెందులకు?" అని నోరు మూయించును.

ఈ మూడు మాటలలోను కొంత సత్యము లేకపోలేదు. కాని వీనిలో ఒక్కటియు సమీక్ష కాదు. సమీక్ష యనగా చక్కగా చూచుట. పదునైదుగురు ఆడిన ఆటను ఇద్దరి పేళ్లతో చెప్పి ముగించినయెడల, తక్కిన పదుమువ్వురను మనము చూడనట్లే యగును. కావున ఒక పోటీని, అందలి ఆటగాండ్రను న్యాయముగా తూచుట యెట్లో ఈ వ్యాసమునందు ఒక ఉదాహరణముతో తెలిసికొందము.

ఆ ఉదాహరణము 1908లో ఆస్ట్రేలియా జట్టునకును, బ్రిటను పక్షమున ఆడిన కార్న్‌వాల్ జట్టునకును జరిగిన ఒలింపిక్ రగ్బీ పోటీ. దీనిని ఎన్నుకొనుటకు రెండు కారణములు కలవు. మనలో ఎవరును ఆ రెండు జట్లకు అభిమానులు కారు గనుక నిష్పక్షపాతముగా ఆలోచించుట సులభము. ఇది మొదటిది. ఓడిన కార్న్‌వాలునకును మన గనులకును పూర్వసంబంధము కలదు. ఇది రెండవది.

కార్న్‌వాల్ - మన ఊరు

ఇంగ్లండు నైరృతి కొనయందు సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన చిన్న సీమ కార్న్‌వాల్. తగరమునకు, రాగికి అది ప్రసిద్ధి కెక్కిన చోటు. 1860 దశకమున రాగి ధర పడిపోగా అచటి గనులు ఒకటొకటిగా మూతపడెను. భూమి క్రింది పని తప్ప వేరు పని యెరుగని వేలాది జనము ఆస్ట్రేలియాకు, దక్షిణాఫ్రికాకు, అమెరికాకు వలసపోయిరి. కొందరు మన కోలారు గనులకును వచ్చిరి.

వారు ఇచటికి వచ్చుట యాదృచ్ఛికము కాదు. 1880 ప్రాంతమున మన గనుల నిర్వహణమును చేపట్టిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ మూలపురుషుడు కార్న్‌వాల్ రాగి గనులను నడిపి పేరు గడించినవాడు. గనిలో పై యధికారిని "కెప్టెన్" అని పిలుచుట ఆ సీమ వాడుక. మైసూరు గనిలో ఛాంపియన్ లోడును కనుగొన్న ప్లమ్మర్ దొరను కూడ కెప్టెన్ ప్లమ్మర్ అనియే వ్యవహరించిరి. 1894లో నాటి బౌరింగుపేట, నేటి బంగారుపేట నుండి మన మారికుప్పము వరకు రైలుమార్గము పడెను. అప్పటికే చిత్తూరు సీమ నుండి వచ్చిన తెలుగువారును, తమిళ సీమ నుండి వచ్చినవారును, కార్న్‌వాల్ నుండి వచ్చిన దొరలును ఒకే రాతిని తొలుచుచుండిరి. జీతములు వేరు, నివాసములు వేరు, అధికారము వేరు. అయినను ఊరు విడిచి వచ్చినవారన్న మాట మాత్రము అందరికిని సమానమే.

కార్న్‌వాల్‌లో గనులున్న రెడ్‌రూత్, కాంబోర్న్ పట్టణములలో రగ్బీ ఆట జనుల కెల్లరకు ప్రాణసమానము. ఆ ఆట స్వరూపమును కొంత తెలిసికొనిన గాని ముందు చెప్పబోవు విషయము బోధపడదు.

ఆట స్వరూపము

రగ్బీ యూనియన్ ఆటలో జట్టునకు పదునైదుగురు. బంతి గ్రుడ్డు ఆకారమున నుండును. దానిని చేతబట్టి పరుగెత్తవచ్చును, కాలితో తన్నవచ్చును. కాని చేతితో తోడివానికి అందించునపుడు ప్రక్కకో వెనుకకో అందింపవలెనే తప్ప ముందునకు విసరరాదు. ఈ ఆటలోని ధర్మసూక్ష్మ మంతయు ఈ ఒక్క నియమమునందే యున్నది. ముందునకు పోగోరువాడు తన వెనుకనున్నవానిని నమ్మి తీరవలెను.

బంతి పట్టినవానిని ఎదిరిపక్షమువారు పట్టి పడద్రోయవచ్చును. చెడుగుడులో కూత పెట్టి వచ్చినవానిని పట్టు నేర్పు ఎరిగినవారికి ఇది సులభముగా తెలియును. ఇచట కూత లేదు. పట్టుబడి నేలబడినవాడు బంతిని విడువవలెను. అంతట దానికై మరల పెనుగులాట మొదలగును.

జట్టులో ఎనమండుగురు ఫార్వర్డులు. వీరు భుజమునకు భుజము చేర్చి, తలలు వంచి, ఎదిరి ఎనమండుగురను నెట్టుదురు. ఈ నెట్టుడునకు స్క్రమ్ అని పేరు. నడుమ పడిన బంతిని కాళ్లతో వెనుకకు రాబట్టుదురు. తక్కిన ఏడుగురు బ్యాకులు. వారిలో హాఫ్‌బ్యాకులు ఇద్దరు, త్రీక్వార్టరులు నలుగురు, కడపటి కాపరి యగు ఫుల్‌బ్యాకు ఒకడు. ఫార్వర్డులు బంతిని సంపాదింతురు. బ్యాకులు దానిని వ్యయపరతురు. షాఫ్టు అడుగున రాతిని పగులగొట్టినవాడు కేజిలో పైకి వచ్చునపుడు దుమ్ము తప్ప మరేమియు కానరాదు. బంగారపు కడ్డీ వేరొకచోట, వేరొకరి చేతిలో మెరయును. ఫార్వర్డు పనియు అట్టిదే.

ఎదిరి గోలుగీతను దాటి బంతిని నేలకు తాకించుట ట్రై యనబడును. ట్రై యనగా యత్నము. పూర్వకాలమున దాని వలన పాయింట్లు రాకుండెను. గోలుకంబముల వైపు బంతిని తన్నుటకు యత్నించు హక్కు మాత్రమే లభించుటచే ఆ పేరు వచ్చినది. 1908 నాటికి ట్రైకి 3 పాయింట్లు. ట్రై తరువాత తన్నిన బంతి కంబముల నడుమ అడ్డుకఱ్ఱ మీదుగా పోయినయెడల, కన్వర్షను అను పేరున మరి 2 పాయింట్లు. నేడు ట్రైకి 5, కన్వర్షనుకు 2 లెక్కించుచున్నారు.

మన దేశమునకు ఈ ఆట మిక్కిలి క్రొత్తదియు కాదు. 1878లో కలకత్తాలోని ఒక రగ్బీ క్లబ్బు మూతపడినపుడు సభ్యులు మిగిలిన వెండి రూపాయలను కరగించి ఒక పాత్రను చేయించిరి. ఇంగ్లండు, స్కాట్లండు జట్లు నేటికిని పోరాడుచున్నది ఆ కలకత్తా కప్పు కొరకే. భారత పురుషుల జట్టు 1998లో సింగపూరుతో తన మొదటి అంతర్జాతీయ పోటీని ఆడెను. భారత మహిళలు 2019లో మనీలా నగరమున ఆ సింగపూరు మహిళలనే 21-19 తేడాతో ఓడించిరి.

పోటీ జరిగిన విధము

ఇక మన ఉదాహరణమునకు వత్తము. 1908 ఒలింపిక్ క్రీడలు లండను నగరమున జరిగెను. రగ్బీలో పాల్గొనవలసిన ఫ్రాన్సు విరమించుకొనుటచే రెండే జట్లు మిగిలెను. కావున ఆ ఒక్క పోటీయే ఆరంభమును, ముగింపును కూడ. ఒక పక్షమున ఆస్ట్రేలియా. ఆ దేశపు ఏరిన ఆటగాండ్రు అప్పుడు బ్రిటనులో పర్యటించుచుండిరి. వేరొక పక్షమున బ్రిటను దేశమంతటి నుండి ఏరిన జట్టునకు బదులుగా, ఆ యేటి కౌంటీ విజేత యగు కార్న్‌వాల్. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. ఆ సంవత్సరమే కార్న్‌వాల్ తన సొంత రెడ్‌రూత్ మైదానమున, బొగ్గుగనుల సీమ యగు డర్హమును 17-3 తో ఓడించి ఆ గౌరవము పొందెను. అనగా ఒక జిల్లా జట్టు ఒక రాజ్యమునకు బదులుగా నిలిచి ఒక ఖండము నెదుర్కొనెను.

పోటీ అక్టోబరు 26వ తేదీన వైట్ సిటీ స్టేడియమున జరిగెను. ఆ వేసవిలో ఈతపోటీలు జరిగిన కొలను ఆ స్టేడియములోపలనే, ఆటస్థలమునకు ప్రక్కన ఉండెను. నేల జారుడుగా నుండెను, వెలుతురు మందముగా నుండెను. అంతకు కొద్ది వారముల క్రిందటనే ఆస్ట్రేలియా వారు కాంబోర్నులో ఇదే కార్న్‌వాలును 18-5 తో ఓడించియుండిరి. కనుక ఇరుపక్షములకును ఎదిరి బలము తెలియనిది కాదు.

విరామమునకు ఆస్ట్రేలియా 13, కార్న్‌వాల్ 3. ఆట ముగియునప్పటికి ఆస్ట్రేలియా 32, కార్న్‌వాల్ 3.

అంకెల పరీక్ష

ఈ చివరి అంకెలను మాత్రము చూచినవాడు, "ఇది యేమి పోటీ?" అని పెదవి విరచును. అతని మాట అబద్ధము కాదు. ఇరువది తొమ్మిది పాయింట్ల అంతరము చిన్నది కాదు. కాని సమీక్షకుడు అచటితో ఆగరాదు. అంకెలను విడదీసి చూడవలెను.

ఆస్ట్రేలియా ట్రైలు 8. ఎనిమిదిని మూటితో హెచ్చింపగా 24. కన్వర్షనులు 4, వాని పాయింట్లు 8. మొత్తము 32. ఎనిమిది సార్లు తన్నుటకు అవకాశము కలుగగా నాలుగు మాత్రమే ఫలించెను. అన్నియు ఫలించియున్న 40 అయ్యెడివి. విరామమునకు ముందు మూడు ట్రైలు, తరువాత ఐదు. దీనిని బట్టి కార్న్‌వాల్ రెండవ భాగమున మరింత అలసిపోయెనని గాని, ఆస్ట్రేలియా మరింత కుదురుకొనెనని గాని ఊహింపవచ్చును. ఇందు ఏది నిజమో అంకె చెప్పజాలదు. ఎవరు గెలిచిరో చెప్పుట అంకె పని. ఎట్లు గెలిచిరో చెప్పుట చూచినవాని పని.

ఇంకొక పట్టిక చూడుడు. ఎనిమిది ట్రైలలో త్రీక్వార్టరు లగు హికీ, కారోల్ చెరి రెండు, బీడ్ స్మిత్ ఒకటి చేసిరి. హాఫ్‌బ్యాకు మెకివట్ రెండు చేసెను. ఫార్వర్డులలో మెక్క్యూ ఒకడే ఒక ట్రై చేసెను. అనగా ఎనిమిదింట ఏడు బ్యాకులవి. ఎనమండుగురు ఫార్వర్డులలో ఏడుగురి పేళ్లు ఈ పట్టికయందు కానరావు. వారు ఆ దినమున ఊరకుండిరా?

ఆటగాండ్ర పరీక్ష

మొదట కనబడువారిని చూతము. పర్యటన నాయకుడు మోరాన్ ఈ పోటీలో ఆడకుండుటచే మెకివట్ నాయకత్వము వహించెను. స్క్రమ్ నుండి వెలువడు బంతిని మొట్టమొదట అందుకొనువాడు హాఫ్‌బ్యాకు. అట్టివాడు తానే రెండు ట్రైలు చేసెననగా అతని చురుకుదనము మెచ్చదగినదే. దానితోపాటు అతని ముందున్నవారు అతనికి మంచి బంతిని, మంచి చోటున ఇచ్చిరని కూడ గ్రహింపవలెను. కారోల్ వేగవంతుడగు యువకుడు. ఆ పిదప అమెరికాకు పోయి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్రము చదివి, 1920 ఒలింపిక్ క్రీడలలో అమెరికా పక్షమున ఆడి మరల స్వర్ణపతకము నందెను. కార్మైకేల్ తన్నిన నాలుగు కన్వర్షనులును జారు నేలపై తేలిక పని కాదు.

ఇప్పుడు కనబడనివారిలో ఒకనిని చూతము. అతని పేరు టామ్ రిచర్డ్స్. అతడు ఆస్ట్రేలియా ఫార్వర్డు. తండ్రి కార్న్‌వాల్‌లో పుట్టి ఆస్ట్రేలియాకు వలసపోయిన గని పనివాడు. కుమారుడు క్వీన్స్‌లాండులోని చార్టర్స్ టవర్స్ బంగారు గనుల ఊరిలో పెరిగి తానును గనిలో పనిచేసెను. దక్షిణాఫ్రికా బంగారు గనుల సీమకు పోయి అచట ట్రాన్స్‌వాల్ పక్షమున ఆడెను. కావున ఆ దినమున కార్న్‌వాల్ రక్తము ఒక్క పక్షమున మాత్రమే కాదు, రెండు పక్షములందును ఆడెను. ట్రైలు చేసినవారి పట్టికలో రిచర్డ్స్ పేరు లేదు. కాని 1910లో బ్రిటిష్ లయన్స్ జట్టు దక్షిణాఫ్రికాలో పర్యటించుచు ఆటగాండ్రు గాయపడి కొరత యేర్పడినపుడు, వారు పిలిచి చేర్చుకొన్నది ఇతనినే. ఆస్ట్రేలియాకును బ్రిటిష్ లయన్స్‌కును ఆడిన అరుదైన గౌరవము అట్లు దక్కెను. ఆయనతో ఆడినవారు, ఆయనను ఎదిరించినవారు అంకెలలో లేని ఆయన విలువను ఎరిగియుండిరి.

ఓడినవారి నెట్లు తూచవలెను? కార్న్‌వాల్ నాయకుడు డేవీ రెడ్‌రూత్‌వాడు. దక్షిణాఫ్రికా గనులకు పోయి వచ్చినవాడు. జాకెట్ సోదరులిద్దరు ఆ జట్టులో నుండిరి. వారిలో పెద్ద పేరు గల జాన్ జాకెట్ ఇంగ్లండు పక్షమున పలుమారు ఆడిన ఫుల్‌బ్యాకు. ఎనిమిది ట్రైలు పడిన జట్టులో కడపటి కాపరిని నిందించుట మిక్కిలి సులభము. కాని ముందున్న పదునలుగురను దాటుకొని ఇద్దరు ముగ్గురు ఒక్కుమ్మడిగా వచ్చునపుడు ఒంటరివాడు ఎవనిని పట్టును? తప్పు కనబడిన చోటు వేరు, తప్పు పుట్టిన చోటు వేరు. సమీక్షకుడు రెండవదానిని వెదకవలెను.

కార్న్‌వాల్ చేసిన ఒకే ఒక ట్రై బెర్ట్ సొలోమన్‌ది. అతడు రెడ్‌రూత్‌లో ఒక మాంసపు కర్మాగారమున పనివాడు. బంతిని ప్రక్కవాని కిచ్చునట్లు నటించి, ఎదిరివాడు అటు మొగ్గగానే తాను ఇటు దూసుకొనిపోవుట అతని విద్య. 1910 జనవరిలో ట్వికెన్‌హామ్ మైదానమున జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ పోటీలో వేల్సుపై ఇంగ్లండు 11-6 తో గెలిచినపుడు అతడు ఆ విద్యతోనే ఒక ట్రై చేసెను. తరువాత ఇంగ్లండు పక్షమున ఆడుమని పిలిచినను అతడు మరల పోలేదు. అతడు బిడియస్థుడని కొందరు, ఊరు విడువనివాడని కొందరు చెప్పుకొనిరి. సమీక్షకునకు ఇచట ఒక హద్దు కలదు. మైదానమున ఆటగాడు చేసినది మన సొత్తు, తూచవచ్చును. అతని మనసు అతని సొత్తు.

అభిమానుల పాలు

కార్న్‌వాల్ అభిమానులు ఈ 32-3 ను ఏమి చేసికొనిరి? దానిని దాచిపెట్టలేదు. తమ జిల్లా ఒకప్పుడు ఒలింపిక్ పోటీలో దేశమునకు బదులుగా నిలిచి రజతపతకము పొందినదని నేటికిని చెప్పుకొందురు. కార్న్‌వాల్ మరల కౌంటీ పోటీ గెలుచుటకు 83 ఏండ్లు పట్టెను. 1991లో ట్వికెన్‌హామ్‌లో యార్క్‌షైరును అదనపు సమయమున 29-20 తో ఓడించిన దినమున వేలకొలది కార్న్‌వాల్ జనులు నలుపు, బంగారు వన్నెల బట్టలు ధరించి లండనుకు తరలిపోయిరి. అప్పటికి వారి గనులు దాదాపు అన్నియు మూతపడియుండెను. మిగిలిన సౌత్ క్రాఫ్టీ తగరపు గని కూడ 1998లో మూతపడెను.

మన గనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడెను. నూట ఇరువది యేండ్ల కాలమున ఇచట 800 టన్నులకు పైగా బంగారము తీసిరని లెక్క. అది మన ఊరి స్కోరు. ఆ అంకె నిజమే, గర్వింపదగినదే. కాని అది కార్న్‌వాల్ పోటీలోని 32 వంటిదే. మూడు వేల మీటర్లకు మించిన లోతున వేడిమిలో రాతిని తొలిచినవారి పేళ్లు అందు లేవు. రాయి పేలి ప్రాణములు విడిచినవారి పేళ్లు అందు లేవు. ఊపిరితిత్తులలో రాతిధూళి నింపుకొని యిల్లు చేరినవారి పేళ్లు అందు లేవు. వారే మన తాతలు. వారు ఫార్వర్డులు. వారి మనుమలు నేడు తెల్లవారకముందే మారికుప్పము స్టేషనున రైలెక్కి బెంగుళూరులో పనికి పోయి రాత్రికి మరలుచున్నారు. ఆ దినదిన శ్రమకును ఏ పట్టికయు లేదు.

గనులు మూతపడిన ఆ 2001వ సంవత్సరముననే, ఆస్ట్రేలియా జట్టునకును బ్రిటిష్ లయన్స్ జట్టునకును జరుగు పోటీల విజేత కిచ్చు పాత్రకు ఒక పేరు పెట్టిరి. ట్రైలు చేసిన హికీ పేరు కాదు, కారోల్ పేరు కాదు. ఆ పేరు టామ్ రిచర్డ్స్ కప్పు. మొదట ఆస్ట్రేలియా గెలిచిన ఆ కప్పును 2013లోను, 2025లోను లయన్స్ జట్టు గెలిచెను. 1908 నాటి స్కోరుపట్టికలో చోటు లేని గని పనివాని పేరు అట్లు తరతరములకు నిలిచినది. చక్కగా చూచినవారు కొందరుండుటచేతనే అది నిలిచినది.

అభ్యాసము

1. నేటి లెక్క ప్రకారము, ట్రైకి 5, కన్వర్షనుకు 2 చొప్పున, 1908 నాటి పోటీ స్కోరును కట్టుడు. అంతరము పెరిగినదా, తరిగినదా? ఆట మారకుండ అంకె మారుట వలన మీకు తెలియు విషయమేమి?

2. ఈసారి మీ పాఠశాల జట్టు ఫుట్‌బాలు గాని హాకీ గాని ఆడునపుడు ఒక పుస్తకము, పెన్సిలు తీసికొనిపొండు. గోలు పడినప్పుడెల్ల గోలు కొట్టినవాని పేరుతోపాటు, అంతకు ముందు బంతిని తాకిన ముగ్గురి పేళ్లను వ్రాయుడు. ఆట ముగిసిన పిదప ఏ పేరు ఎక్కువసారులు వచ్చినదో చూడుడు.

3. మన జట్టునకు గోలు పడినపుడు గోల్‌కీపరు పేరు వ్రాయుటకు ముందు, బంతి మొదట ఎచ్చట చేజారినదో వ్రాయుడు.

4. మీ యింటిలో గాని, మీ వీధిలో గాని గనిలో పనిచేసిన పెద్దలున్నయెడల వారిని అడిగి, వారు ఏ షాఫ్టున, ఏ పని, ఎన్ని యేండ్లు చేసిరో తెలుగున ఒక పుట వ్రాసి తెండు. మీరు వ్రాసిన పుటలను చేర్చి కుట్టిన పుస్తకము మన పాఠశాల గ్రంథాలయమున నుండదగినది.